తప్పు, లోపం, దోషం: ఇంగ్లీషులో ఏ మాట ఎక్కడ వాడాలి

కొన్నేళ్ల క్రితం మా పక్కింటాయన కొత్తగా కొన్న వెట్ గ్రైండరు గురించి కంపెనీకి ఇంగ్లీషులో ఒక ఫిర్యాదు రాసి, జవాబు వచ్చిన తరువాత ఆ రెండు కాగితాలూ నాకు తెచ్చి చూపించారు. ఆయన లేఖలో ముఖ్యమైన వాక్యం ‘దేర్ ఈజ్ ఎ మిస్టేక్ ఇన్ ద గ్రైండర్’ అని ఉంది. అడుగు రాయిలో వెంట్రుకంత సన్నని పగులు ఉండి, రుబ్బిన పిండిలోకి రాతి పొడి వస్తోందన్నది ఆయన బాధ. ఆ వాక్యం చదివినవారు ఒక మోడలుకు బదులు ఇంకొక మోడలు వెళ్లిందేమోనని బిల్లు తీసి సరిచూసుకుని, ‘మీరు ఆర్డరు చేసిన వస్తువే పంపాము’ అని జవాబు రాశారు. ఇంగ్లీషులో ఆ మాటకు వారు చెప్పుకున్న అర్థం సరైనదే. పక్కింటాయన బాధ కూడా నిజమైనదే. మధ్యలో ఒక్క మాట వల్ల పది రోజులు పోయాయి.

తెలుగులో ఈ కుటుంబానికి చెందిన మాటలు తక్కువేమీ కావు. తప్పు, పొరపాటు, లోపం, దోషం, లోటు, వెలితి, వంక, మచ్చ, కళంకం, లొసుగు అని ఎన్నో ఉన్నాయి. అయితే రోజువారీ మాటల్లో ‘తప్పు’, ‘లోపం’ అనే రెండింటితోనే చాలావరకు పని జరిగిపోతుంది. మిగిలిన అర్థం సందర్భాన్ని బట్టి తెలుస్తుంది. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఆ వెసులుబాటు తక్కువ. అక్కడ మాట ఎంచుకునే ముందు, చెడినది ఎక్కడ ఉందో తేల్చుకోవాలి: ఒకరు చేసిన పనిలో ఉందా, వస్తువులో ఉందా, వాదనలో ఉందా, మనిషి స్వభావంలో ఉందా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే సగానికి పైగా చిక్కులు విడిపోతాయి. అది తయారీతోనే వచ్చిందా, తరువాత వచ్చిందా, దానికి ఎవరు బాధ్యులు అనేవి ఆ తరువాతి ప్రశ్నలు.

చేసిన పనితో మొదలుపెడదాము. మిస్టేక్ అనే మాట నిర్మాణంలోనే ‘తప్పుగా తీసుకోవడం’ అనే అర్థం ఉంది. ఉప్పు అనుకుని చక్కెర వేయడం, సోమవారం జరిగే పరీక్షను మంగళవారం అనుకోవడం, పక్కవారి గొడుగును మనదనుకుని పట్టుకురావడం మిస్టేకులు. దీనికి మన ‘పొరపాటు’ చక్కగా సరిపోతుంది. పొరబడడానికి ఒక మనిషి ఉండాలి. గ్రైండరు పొరబడదు, అందుకే గ్రైండరులో మిస్టేక్ ఉండదు. ‘తప్పు చేశాను’ అనే మన వాడుకను అనుసరించి చాలామంది ‘ఐ డిడ్ ఎ మిస్టేక్’ అంటారు కాని, ఆ మాట పక్కన రావలసిన క్రియ ‘మేడ్’. ఎదుటివారితో ‘మీరు చెప్పింది తప్పు’ అని కటువుగా అనవలసిన చోట ‘ఐ థింక్ యూ ఆర్ మిస్టేకెన్’ అంటే, ‘మీరు పొరబడినట్టున్నారు’ అన్నంత మర్యాదగా ఉంటుంది.

ఎర్రర్ అనే మాట దారి తప్పి తిరగడం అనే అర్థమున్న లాటిన్ క్రియ నుంచి వచ్చింది. మన ‘తప్పు’కూ ఇదే స్వభావం ఉండడం నాకు ఎప్పుడూ సంతోషం కలిగించే విషయం: దారి తప్పడం, గురి తప్పడం, మాట తప్పడం అన్న క్రియ నుంచే నామవాచకమైన తప్పును కూడా మనం అర్థం చేసుకుంటాము. ఉండవలసిన చోటు ఒకటి, చేరిన చోటు మరొకటి. ఆ రెంటి మధ్య దూరమే ఎర్రర్. అందువల్ల మిస్టేక్ కంటే ఇది లాంఛనమైన మాట, కొలతలకూ లెక్కలకూ నియమాలకూ సంబంధించిన మాట. టైపింగ్ ఎర్రర్, క్లరికల్ ఎర్రర్, ఎర్రర్ ఆఫ్ జడ్జిమెంట్ అంటారు. మన అచ్చుతప్పు, ముద్రారాక్షసం కూడా ప్రింటింగ్ ఎర్రరే.

ఎర్రర్ ఉన్నచోట దోషి ఉండాలన్న నియమం లేదన్నది ఇక్కడ బాగా గుర్తుపెట్టుకోవలసిన విషయం. కాలేజీ ప్రయోగశాలలో సన్నని తీగల మందం కొలిచే స్క్రూగేజి పట్టుకున్నవారికి ఇది కంటితో చూసిన సంగతే. మధ్యలో ఏ తీగా పెట్టకుండా మర చివరను నెమ్మదిగా తిప్పి ముట్టించినప్పుడు, తల స్కేలు మీది సున్నా సూచీ రేఖతో కలవాలి. కలవకుండా రెండు మూడు విభాగాలు పైనో కిందో ఆగితే దాన్ని శూన్యాంశ దోషం అంటాము, ఇంగ్లీషులో జీరో ఎర్రర్ అంటారు. విద్యార్థి ఏ పొరపాటూ చేయలేదు. ఉన్న తేడాను రాసుకుని, చివరి కొలతలో సవరించుకుంటే సరిపోతుంది. దాన్ని జీరో మిస్టేక్ అంటే అర్థం చెడుతుంది. కంటి డాక్టరు రాసే రిఫ్రాక్టివ్ ఎర్రర్ కూడా ఇటువంటిదే. హ్రస్వదృష్టి ఎవరూ చేసిన తప్పు కాదు, కాంతి కిరణాలు రెటీనా మీద చేరవలసిన చోట చేరకపోవడం. అదే విషయాన్ని భౌతికశాస్త్ర పాఠం డిఫెక్ట్స్ ఆఫ్ విజన్ అంటుంది. కిరణం చేరిన చోటును చూస్తే ఎర్రర్, కంటికి కొరవడిన శక్తిని చూస్తే డిఫెక్ట్. తెలుగులో రెండింటికీ దోషమే చాలు.

భాష నేర్పేవారు ఈ రెండు మాటల మధ్య ఇంకొక గీత గీస్తారు. భాషాశాస్త్రవేత్త ఎస్. పిట్ కార్డర్ 1967లో ప్రచురించిన వ్యాసంలో, నియమం తెలియక క్రమం తప్పకుండా చేసేదాన్ని ఎర్రర్ అనీ, నియమం తెలిసి కూడా అలసటలోనో తొందరలోనో చేసేదాన్ని మిస్టేక్ అనీ వేరు చేశారు. ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’ అని ప్రతిసారీ రాసే విద్యార్థిది ఎర్రర్; అతనికి పాఠం చెప్పాలి. పది వాక్యాలు సరిగా రాసి పదకొండో దానిలో జారినవారిది మిస్టేక్; చూపిస్తే వారే దిద్దుకుంటారు. ఉపాధ్యాయులు ఎర్ర సిరాతో సున్నా చుట్టే ముందు ఈ తేడాను తలచుకోవడం పిల్లలకు ఎంతో మేలు చేస్తుందని నా నమ్మకం.

చిన్న జారుపాటు స్లిప్: నోరు జారితే స్లిప్ ఆఫ్ ద టంగ్. జాగ్రత్తగా ఉండవలసినవారు ఆ కాసేపు ఉండకపోతే ల్యాప్స్. పత్రికల్లో ‘భద్రతా వైఫల్యం’ అని వచ్చేదాన్ని ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు కాపలాలో ఏమరుపాటు మాత్రమే జరిగి ఉంటే సెక్యూరిటీ ల్యాప్స్ అనాలి, మొత్తం ఏర్పాటే పనిచేయకపోతే ఫెయిల్యూర్ అనాలి. ఓవర్‌సైట్ అనే మాటను మాత్రం ఆచితూచి వాడాలి, ఎందుకంటే దానికి ‘చూడకుండా వదిలేయడం’ అనీ, ‘పైనుండి పర్యవేక్షించడం’ అనీ దాదాపు ఎదురెదురైన రెండు అర్థాలు ఉన్నాయి. ఇక బ్లండర్ అంటే ఘోరమైన తప్పిదం. చదరంగం ఆటను కాగితం మీద రాసేవారు ఎత్తు పక్కన ఒక ప్రశ్నార్థకం పెడితే మిస్టేక్, రెండు పెడితే బ్లండర్. చేతిలో ఉన్న ఆటను చేజార్చే ఎత్తుకే ఆ రెండో గుర్తు దక్కుతుంది. చిన్న జాప్యానికి క్షమాపణ చెబుతూ ‘ఐ మేడ్ ఎ బ్లండర్’ అని రాయడం అనవసరమైన ఆత్మనింద.

అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టే మాట ఫాల్ట్, ఎందుకంటే దానికి రెండు బతుకులు ఉన్నాయి. మనుషుల విషయంలో అది బాధ్యతను చెబుతుంది. పొయ్యి మీద పప్పు పెట్టి, ఫోనులో మాట్లాడుతూ ఉండిపోతే పప్పు మాడింది. అప్పుడు ‘ఇట్ ఈజ్ మై ఫాల్ట్’ అనాలి. అక్కడ ఒకదాన్ని ఇంకొకటి అనుకోవడం ఏమీ జరగలేదు, చూసుకోవలసిన మనిషి చూసుకోలేదు. చక్కెర వేసిన ఉదాహరణలో ‘ఐ మేడ్ ఎ మిస్టేక్’ అనాలి. దానివల్ల కూర పాడైతే ఆ పాడైపోవడానికి బాధ్యత మళ్లీ ‘మై ఫాల్ట్’. అంటే ఒకే సంఘటనలో రెండు మాటలకూ చోటుంటుంది: చేసిన పని మిస్టేక్, దాని ఫలితానికి పూచీ ఫాల్ట్. రోడ్డు ప్రమాదంలో ఎవరిది తప్పు అన్నప్పుడు ‘హూ వాజ్ ఎట్ ఫాల్ట్’ అంటారు. మనం ‘వంకలు పెట్టడం’, ‘తప్పులెన్నడం’ అనేదానికి ‘ఫైండ్ ఫాల్ట్ విత్’ సరైన జోడీ. అందులో ఫాల్ట్ ఏకవచనంలోనే ఉంటుంది, దాని ముందు ‘ఎ’ రాదు, చివరి ‘విత్’ను వదలకూడదు.

యంత్రాల్లోనూ తీగల్లోనూ ఫాల్ట్ అంటే, నడుస్తున్న ఏర్పాటు ఒకచోట తెగిపోవడమో గాడి తప్పడమో. వానాకాలంలో కరెంటు పోయినప్పుడు లైన్‌మన్ ‘లైన్‌లో ఫాల్ట్ ఉంది, వెతుకుతున్నాము’ అంటే ఆ మాటను సరిగ్గా వాడినట్టే. నిన్నటివరకు బాగున్న తీగ మీద కొమ్మ పడింది. తీసేస్తే మళ్లీ బాగవుతుంది. భూగర్భ శాస్త్రంలో భ్రంశానికి కూడా ఫాల్ట్ అనే పేరు, అక్కడ రాతి పొరలు విరిగి ఒకదాని పక్కన ఒకటి జరిగి ఉంటాయి. కాలిఫోర్నియాలోని శాన్ ఆండ్రియాస్ ఫాల్ట్ పేరు భూకంపాల వార్తల్లో చదివినవారు ఉంటారు. టెన్నిస్‌లో సర్వీసు గడి బయట పడితే అదీ ఫాల్టే.

డిఫెక్ట్ ఇలా మధ్యలో వచ్చిపోయేది కాదు. ఆ మాటకు మూలార్థం కొరత. ఉండవలసిన గుణం తయారీ నాటికే లేకపోవడం. గ్రైండరు రాయిలోని పగులు అదే. ఈ మాట సరిగ్గా వాడడం వల్ల చట్టపరమైన లాభం కూడా ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం రెండో సెక్షన్‌లో డిఫెక్ట్‌నూ డెఫిషియెన్సీనీ విడివిడిగా నిర్వచించారు. వస్తువు నాణ్యతలో, పరిమాణంలో, శక్తిలో, స్వచ్ఛతలో, ప్రమాణంలో ఉండే ఫాల్ట్, ఇంపర్ఫెక్షన్, షార్ట్‌కమింగ్ ఏదైనా డిఫెక్ట్ అవుతుంది. సేవ చేసిన తీరులో ఉండే అటువంటి లోటు, అసమర్థత డెఫిషియెన్సీ అవుతుంది. కాబట్టి మిక్సీ గురించి రాసేటప్పుడు డిఫెక్ట్ అనీ, బ్యాంకు, బీమా, కొరియర్ వంటి సేవల గురించి రాసేటప్పుడు డెఫిషియెన్సీ ఇన్ సర్వీస్ అనీ రాయాలి. కొత్త ఇల్లు కొన్నవారికీ ఈ మాట ముఖ్యమే: 2016 నాటి స్థిరాస్తి చట్టం, అంటే రెరా, ప్రకారం ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోగా నిర్మాణంలోనో పనితనంలోనో డిఫెక్ట్ ఉందని కొన్నవారు తెలియజేస్తే, నిర్మించినవారు అదనపు రుసుము తీసుకోకుండా 30 రోజుల్లో సరిచేయాలి.

పక్కింటాయన రెండో లేఖను మేమిద్దరం కూర్చుని రాశాము. ‘ద గ్రైండింగ్ స్టోన్ హ్యాజ్ ఎ మాన్యుఫాక్చరింగ్ డిఫెక్ట్. దేర్ ఈజ్ ఎ హెయిర్‌లైన్ క్రాక్ ఎట్ ద బేస్, అండ్ స్టోన్ డస్ట్ గెట్స్ ఇంటు ద బ్యాటర్’. మొదటి వాక్యం లోపానికి పేరు పెడుతుంది, రెండోది కంటికి కనిపించేదీ దాని ఫలితమూ చెబుతుంది. పేరు ఒక్కటే రాసి ఊరుకుంటే చదివేవారికి బొమ్మ కట్టదు. వర్ణన మాత్రమే రాస్తే అది ఏ కోవకు వస్తుందో వారే తేల్చుకోవలసి వస్తుంది. ఫిర్యాదు ఏదైనా ఈ రెండూ వెంటవెంటనే రాయమని నా సలహా.

ఫ్లా అనే మాట పొర, పెళ్ళ అనే అర్థాల నుంచి పగులు అనే అర్థానికి వచ్చింది, ఆ పగులు స్వభావం ఇప్పటికీ దానిలో ఉంది. పైకి నిండుగా కనిపించేదాన్ని లోపల బలహీనపరిచేది ఫ్లా. అందుకే వాదనలు, ప్రణాళికలు, నమూనాల విషయంలో ఈ మాట బాగా నప్పుతుంది: ‘దేర్ ఈజ్ ఎ ఫ్లా ఇన్ యువర్ ఆర్గ్యుమెంట్’ అంటే వాదనలో ఒకచోట తర్కం తెగిందని. మన ‘లొసుగు’ కొన్నిచోట్ల దీనికి దగ్గరగా వస్తుంది కాని, చట్టంలోని సందును ఉపయోగించుకుని తప్పించుకునే లొసుగుకు ఇంగ్లీషులో లూప్‌హోల్ అనాలి.

ఫ్లాకూ బ్లెమిష్‌కూ తేడా తెలియాలంటే వజ్రాల వ్యాపారుల దగ్గరికి వెళ్లాలి. కృష్ణా తీరంలోని కొల్లూరు గనుల వజ్రాలు ప్రపంచమంతా తిరిగిన నేలలో పుట్టినవారికి ఇది దూరపు సంగతి కాదు. పాత రత్నపరీక్షలో కాకపదం, బిందువు, రేఖ అని వజ్ర దోషాలను పేర్లు పెట్టి గుర్తించేవారు. ఇప్పుడు జెమలాజికల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికా వారి పద్ధతిలో వజ్రాన్ని పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంలో చూసి, స్వచ్ఛతను 11 మెట్లుగా నిర్ణయిస్తారు. రాయి లోపల ఉన్నదాన్ని ఇంక్లూజన్ అంటారు, ఉపరితలం మీద మాత్రమే ఉన్నదాన్ని బ్లెమిష్ అంటారు. రెండూ కనిపించకపోతే ఫ్లాలెస్. లోపల ఏమీ లేకుండా పైన మాత్రం సన్నని గీతలవంటివి ఉంటే ఇంటర్నల్లీ ఫ్లాలెస్. ఈ విభజనను మనసులో ఉంచుకుంటే మిగిలిన వాడుక దానంతట అదే వస్తుంది. మామిడిపండు తొక్క మీది మచ్చ, ముఖం మీది మొటిమ మచ్చ బ్లెమిషులు. లోపలి రుచికీ ఆరోగ్యానికీ వాటితో పని లేదు. మచ్చలేని ఉద్యోగ జీవితాన్ని అన్‌బ్లెమిష్డ్ రికార్డ్ అనడమూ ఇక్కడి నుంచి వచ్చిందే.

ఇంపర్ఫెక్షన్ వీటన్నిటికంటే మెత్తని మాట. పర్ఫెక్ట్ అంటే పూర్తయినది. కాబట్టి ఇది అసంపూర్ణత, కొద్దిపాటి వెలితి. అర్థశాస్త్రంలో ఇంపర్ఫెక్ట్ కాంపిటిషన్‌ను ‘అసంపూర్ణ పోటీ’ అని అనువదించినవారు ఆ మూలార్థాన్ని చక్కగా పట్టుకున్నారు. ఈ మాట విలువ తెలిసేది చేనేత బట్టల దగ్గర. పోచంపల్లి ఇక్కత్ చీరను వెలుతురులో దగ్గరగా పెట్టి చూస్తే, పువ్వు అంచు గీత గీసినట్టు ఉండదు. రంగు ఒక నూలుపోగు మేర అటూ ఇటూ జరిగి, అంచులు పిల్లి మీసాల్లా పలచబడి కనిపిస్తాయి. నూలును ముందే కట్టి, రంగుల్లో ముంచి, ఆ తరువాత మగ్గం మీద డిజైను కలిసేలా నేయడం వల్ల అలా వస్తుంది. దాన్ని డిఫెక్ట్ అని రాయడం నేతకారుల పట్ల అన్యాయం. ఇంపర్ఫెక్షన్ అన్నా, ఇంకా మర్యాదగా ఇర్రెగ్యులారిటీ అన్నా నిజం చెప్పినట్టవుతుంది. పడుగులో పోగు తెగి బారెడు పొడవున సందు కనిపిస్తే మాత్రం అది డిఫెక్టే. విదేశాల్లోని మనవారికి చీరలు అమ్మేవారు ఈ తేడాను వివరణలో ముందే రాసి పెడితే చాలా తగవులు తప్పుతాయి.

సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగాల్లో ఉన్నవారికి ఈ మాటలను ఒక వరుసలో పేర్చి నేర్పుతారు. మనిషి ఎర్రర్ చేస్తాడు. దానివల్ల ప్రోగ్రాములో డిఫెక్ట్ చేరుతుంది, దానికే ఫాల్ట్ అనీ బగ్ అనీ పేర్లు. ఆ భాగం నడిచినప్పుడు ఫెయిల్యూర్ జరగవచ్చు. 1999లో నాసా వారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే అంగారక నౌక నష్టాన్ని ఈ వరుసలో పెట్టి చూడవచ్చు. మెట్రిక్ ప్రమాణమైన న్యూటన్ సెకన్లలో ఇవ్వవలసిన లెక్కను భూమి మీది ఒక ప్రోగ్రాము బ్రిటిష్ పద్ధతి ప్రమాణమైన పౌండు సెకన్లలో ఇచ్చింది. ప్రమాణాన్ని పాటించకపోవడం ఎర్రర్, ప్రోగ్రాములో నిలిచిపోయిన ఆ తేడా ఫాల్ట్, సెప్టెంబరు 23న అంగారకుడికి మరీ దగ్గరగా వెళ్లి నౌక పోవడం ఫెయిల్యూర్. పురుగు అని అర్థమున్న బగ్ అనే మాట కంప్యూటర్లతో పుట్టిందని చాలామంది అనుకుంటారు. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్ మార్క్ 2 అనే కంప్యూటరు రిలేలో, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్‌లో, చిక్కిన చిమ్మటను లాగ్ పుస్తకంలో అంటించిన సంగతి నిజమే కాని, థామస్ ఎడిసన్ 1878లోనే ఒక లేఖలో చిన్న చిన్న లోపాలకూ ఇబ్బందులకూ ఆ పేరు వాడారు. గ్లిచ్ అంటే కాసేపు కనిపించి పోయే అవాంతరం. కారణం తెలిసిన శాశ్వతమైన లోపాన్ని గ్లిచ్ అని తేలిక చేసి రాయకూడదు.

మనుషుల స్వభావం గురించి రాసేటప్పుడు ఎక్కువ జాగ్రత్త కావాలి. షార్ట్‌కమింగ్ అంటే ఆశించినంతకు చేరుకోలేకపోవడం. ఎక్కువగా బహువచనంలో వస్తుంది, మనుషులకూ పథకాలకూ కూడా చెల్లుతుంది. ఫెయిలింగ్ మనిషికుండే బలహీన గుణం. ఇంటర్వ్యూలో అడిగేది వీక్‌నెస్. ఇతరులకు పెద్దగా హాని చేయని వింత అలవాటు ఫాయిబుల్, నైతికంగా చెడ్డదైన వ్యసనం వైస్. మనిషిని మాత్రం ఎన్నడూ డిఫెక్టివ్ అనకండి. పుట్టుకతో వచ్చిన శారీరక స్థితి గురించి రాయవలసి వచ్చినప్పుడు, వైద్య గ్రంథాల్లో బర్త్ డిఫెక్ట్ అనే మాట ఇంకా ఉన్నప్పటికీ, కంజెనిటల్ కండిషన్ అని రాయడం మేలు. ఆ కాగితాన్ని ఆ బిడ్డ తల్లిదండ్రులు కూడా చదువుతారు. పొగడ్తగా వాడే ‘జెనెరస్ టు ఎ ఫాల్ట్’ చూసి కంగారు పడవలసిన పని లేదు. తనకు మిగుల్చుకోకుండా ఇచ్చేంత దానగుణం అని దాని భావం.

చివరగా, తెలుగు వాడుకలో అర్థం మారిన మూడు ఇంగ్లీషు మాటల సంగతి. మనం ‘టీవీకి రిపేరు వచ్చింది’ అంటాము, ఇంగ్లీషులో రిపేర్ అంటే బాగుచేయడమే కాబట్టి ‘ద టీవీ హ్యాజ్ ఎ ఫాల్ట్ అండ్ నీడ్స్ రిపేర్’ అనాలి. ‘ఫ్రిజ్ కంప్లైంట్ వచ్చింది’ అని మెకానిక్కులు అనడం తెలుగులో స్థిరపడిపోయింది, అందులో అభ్యంతరం లేదు. ఇంగ్లీషు లేఖలో మాత్రం కంప్లైంట్ చేసేది మనం, ఫ్రిజ్‌కు ఉండేది ఫాల్ట్. డ్యామేజ్ అంటే బాగున్న వస్తువుకు తరువాత తగిలిన దెబ్బ. ఈ అర్థంలో దానికి బహువచనం లేదు. డ్యామేజెస్ అని రాస్తే కోర్టు ఇప్పించే నష్టపరిహారం అనే అర్థం వస్తుంది. ఆన్‌లైన్‌లో కొన్న వస్తువును తిరిగి పంపేటప్పుడు కారణాల జాబితాలో డిఫెక్టివ్, డ్యామేజ్డ్ రెండూ విడిగా కనిపిస్తే తొందరపడి ఏదో ఒకటి నొక్కకండి. పెట్టె నలిగి, లోపలి పాత్రకు సొట్ట పడి ఉంటే డ్యామేజ్డ్. అది రవాణా చేసినవారి వైపు చూపుతుంది. పెట్టె చెక్కుచెదరకుండా ఉండి, లోపలి మోటారు తిరగకపోతే డిఫెక్టివ్. అది తయారు చేసినవారి వైపు చూపుతుంది. పెట్టె విప్పకముందే నాలుగు వైపులా ఫోటోలు తీసి పెట్టుకుంటే, రెండింటిలో ఏ మాట ఎంచుకున్నా దానికి ఆధారం మీ దగ్గర ఉంటుంది.